కరువు నేల మీద కంపెనీల లెక్కలు

(విన్సెంట్ ఫెర్రర్ స్మృతిలో చేసిన ఉపన్యాసం, ముద్రణ కోసం సవరించిన పాఠం)

1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం చేరేనాటికి ఆయనకున్న పెట్టుబడి మహారాష్ట్రలోని మన్మాడ్ అనుభవం ఒక్కటే. అక్కడ రైతులు బావులు తవ్వుకుంటే గోధుమలు, నూనె ఇచ్చి ఆయన పని నడిపించారు. అక్కడ ఉండనివ్వకపోయేసరికి ఈ జిల్లాకొచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నిలబెట్టారు. 2009 జూన్ 19న కన్నుమూసేదాకా ఇక్కడే ఉండిపోయారు. ఆయన్ని తలచుకున్నప్పుడు బడులు, ఇళ్ళు, బత్తలపల్లి ఆసుపత్రి గుర్తుకు రావడం సహజం. వ్యాపారం గురించి మాట్లాడటానికి ఆయన పేరు అడ్డం పెట్టుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. అయితే ఆయన పనిలో కంపెనీలు నేర్చుకోవలసిన సంగతి ఒకటుంది. కరువు సీమలో నీటిని మొదటి లెక్కలోనే వేసుకోవాలి. చివర్లో కలుపుదామనుకున్న పని ఏదైనా మధ్యలోనే ఆగిపోతుంది.

ఈ ఉపన్యాసం విషయం అదే. ఒక సంస్థ పర్యావరణాన్ని ఎలా చూసుకుంటుందన్నది దాని పర్యావరణ విభాగం చేతిలో ఉండదు. ఏ సరుకు అమ్మాలి, ఎవరికి అమ్మాలి, ఎన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండాలి అన్న నిర్ణయాల దగ్గరే అది తేలిపోతుంది. చెట్లు నాటే కార్యక్రమం, వార్షిక నివేదికలో ఆకుపచ్చ అట్ట ఆ తర్వాత వచ్చేవి.

పడమటి కనుమల వెనక వానచాటున పడిన నేల ఇది. ఏటా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ కొద్ది రోజుల్లోనే కురిసి వెళ్ళిపోతుంది. లోతు లేని ఎర్ర గరప నేలలు ఆ నీటిని ఎంతోసేపు పట్టి ఉంచలేవు. ఇలాంటి చోట 2000 దశకం మధ్యలో ఖరీఫ్ వేరుశనగ ఎనిమిది లక్షల హెక్టార్ల దాకా పరుచుకుంది. 1986లో మొదలైన నూనెగింజల సాంకేతిక మిషన్, వేరుశనగకే దొరికే పంట రుణం, సబ్సిడీ విత్తనం, పంటల బీమా, నూనె మిల్లుల గిరాకీ అన్నీ ఒకే వైపు తోశాయి. రైతు మొండితనం వల్ల జిల్లా ఒకే పంట మీద పడిందని పట్నాల్లో కూర్చుని అనడం అన్యాయం. ఆ పంట కొనడానికి తప్ప మరో పంట కొనడానికి ఎవరూ సంచులు పట్టుకుని ఊళ్ళోకి రాలేదు.

దాని ఫలితం 2000 ఖరీఫ్‌లో కళ్ళకు కట్టింది. కాండం కుళ్ళు వైరస్ తెగులు అనంతపురంలో సుమారు రెండు లక్షల పాతిక వేల హెక్టార్లకు పాకింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. ఆ వైరస్ వయ్యారిభామ మొక్కలో లక్షణాలేవీ చూపించకుండా దాక్కుంటుంది. పూల పుప్పొడితో పాటు తామర పురుగుల ఒంటి మీద వేరుశనగ చేలోకి వస్తుంది. గట్ల మీది వయ్యారిభామను పూతకు ముందే పీకేయమనీ, చేను చుట్టూ సజ్జ గానీ జొన్న గానీ నాలుగు సాళ్ళు కంచెలా వేయమనీ శాస్త్రవేత్తలు చెప్పారు. మందు డబ్బా కంటే సజ్జ సాళ్ళే నమ్మకమైన కాపలా. అంటే పంట వైవిధ్యమే పరిష్కారమని తేలింది. మరి ఆ సజ్జను కొనేదెవరు? జొన్నను కొనేదెవరు? పర్యావరణ సమస్యగా మొదలైనది ఇక్కడికి వచ్చేసరికి వ్యాపార సమస్యగా మారింది.

వ్యాపార వ్యూహాల మీద 1978లో రేమండ్ మైల్స్, చార్లెస్ స్నో అనే ఇద్దరు అమెరికన్ ఆచార్యులు రాసిన పుస్తకం ఇప్పటికీ మేనేజ్‌మెంట్ తరగతుల్లో నడుస్తోంది. వాళ్ళ విభజన సూటిగా ఉంటుంది. కొన్ని సంస్థలు ఉన్న మార్కెట్టును కాచుకుంటాయి, ఖర్చు తగ్గించుకోవడం మీదే వాటి మనసు. కొన్ని కొత్త సరుకు, కొత్త కొనుగోలుదారు కోసం వెతుకుతూ ప్రయోగాలకు తెగిస్తాయి. మరికొన్ని ఇతరులకు ఫలించిందని తేలాక అడుగేస్తాయి. మిగిలినవాటికి దారంటూ లేదు, దెబ్బ తగిలితే కదులుతాయి. ఈ నాలుగు రకాలనూ చూడాలనుకునేవాళ్ళు బెంగళూరు, ముంబయి దాకా వెళ్ళనక్కర్లేదు. ఉమ్మడి అనంతపురం జిల్లా పొలిమేరలు దాటకుండానే కనిపిస్తాయి.

వెతికే రకానికి ఇక్కడ దొరికే మంచి ఉదాహరణ పెద్ద కంపెనీ కానే కాదు, రైతుల సహకార సంఘం. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో 32 ఎకరాల బీడు కొని బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ళ స్నేహితులు టింబక్టు కలెక్టివ్ మొదలుపెట్టారు. చుట్టుపక్కల రైతులతో సేంద్రియ సాగు 2005లో ఆరంభమైంది. 2008లో ధరణి అనే పరస్పర సహాయ సహకార సంఘం రిజిస్టరైంది. వేరుశనగతో పాటు కొర్ర, సామ, రాగి, కంది వంటి పంటలను సభ్యుల దగ్గర కొని, చెన్నేకొత్తపల్లిలోనే శుద్ధి చేసి, సొంత పేరు మీద పట్నాల్లో అమ్మడం దాని పని. ఒక పంటను కాక చేనులోని పలు పంటలను కొనాలన్నదే ఇక్కడి వ్యూహం. కందికీ కొర్రకూ గిట్టుబాటు ఉంటేనే రైతు వేరుశనగ మధ్య వాటికి సాలు వదులుతాడు. పంట మార్పిడి అప్పుడే ఉపన్యాసాల్లోంచి చేలోకి దిగుతుంది.

దీనికి అడ్డుపడిన చిక్కు చాలా చిన్నది, గింజంత. సామ, కొర్ర గింజలు సన్నవి, వాటి పొట్టు గట్టిది. వరి మిల్లులో పోస్తే సగం పొట్టు వదలదు, సగం నూకవుతుంది. ఇంట్లో దంచాలంటే ఆ శ్రమంతా ఆడవాళ్ళ భుజాల మీద పడుతుంది. చిరుధాన్యాలు వెనకబడటానికి రుచి, మోజు ఎన్ని కారణాలు చెప్పినా, దగ్గర్లో పొట్టు తీసే యంత్రం లేకపోవడం వాటిలో పెద్దది. గింజను ముందు జల్లెడల మీద సైజుల వారీగా వేరు చేసి, ఒక్కో సైజును ఒక్కో బిగువులో ఆడించాలి. హరిత ఆవిష్కరణ అనగానే సోలార్ పలకలు, బ్యాటరీలు కళ్ళ ముందు మెదిలే రోజుల్లో, చెన్నేకొత్తపల్లి లాంటి ఊళ్ళో ఒక పొట్టు మిషను ఎన్ని ఎకరాల మెట్ట పంటల తీరును మార్చగలదో ఎవరూ గొప్పగా చెప్పుకోరు.

సర్టిఫికేషన్ దగ్గరా ఇదే తీరు. బయటి ఏజెన్సీ ముద్ర కావాలంటే చిన్న రైతు భరించలేని ఖర్చు. అందుకే ఒక గుంపు రైతులు ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకుని, ఒకరికొకరు పూచీ పడే పార్టిసిపేటరీ గ్యారంటీ పద్ధతి వచ్చింది. ఒకడు దొంగతనంగా యూరియా చల్లితే గుంపు మొత్తం మాట పడుతుంది. 2017లో ఆహార భద్రత సంస్థ సేంద్రియ ఆహార నిబంధనలు తెచ్చినప్పుడు ఈ పద్ధతినీ గుర్తించింది. పొరుగువాడి చేను వివరం పొరుగువాడికి తెలిసినంతగా ఏ ఇన్‌స్పెక్టరుకూ తెలియదు కాబట్టి ఇది పట్నం ముద్ర కంటే బలహీనమని అనుకోనక్కర్లేదు.

అమ్మే సరుకు మారితే సాగు ఎలా మారుతుందో చెప్పడానికి వేరుశనగే మరో సాక్ష్యం. కాయ ఊరే దశలో బెట్ట తగిలితే గింజలో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. నూనె తీసి శుద్ధి చేసే మిల్లుకు దీనితో పెద్ద పేచీ లేదు. విషం చాలామటుకు చెక్కలో ఉండిపోతుంది, శుద్ధిలో మిగిలిందీ పోతుంది. తినే పప్పుగా అమ్మాలనుకున్న సంస్థకు మాత్రం అది ప్రాణసంకటం. నేరుగా తినే వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించకూడదని యూరోపియన్ యూనియన్ నిబంధన. అలాంటి చోటికి అమ్మదలచినవాళ్ళు పీకిన చెట్టును కాయలు పైకి ఉండేలా తిరగేసి ఆరబెట్టమంటారు, గోనెసంచుల్లో తడి చేరకుండా చూడమంటారు, చివరి తడికి నీళ్ళు ఎక్కడివని ముందే అడుగుతారు. నూనె కోసం కొనేవాడు వీటిలో ఒక్క ప్రశ్నా వేయడు. ఇద్దరూ కొనేది అదే కాయ.

తాడిపత్రి కథ వేరు. అక్కడి సున్నపురాయి మీద సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. సిమెంటు బస్తా ఎవరు చేసినా ఒకటే గనక పోటీ అంతా ఖర్చులోనే. ఇవి కాచుకునే రకం సంస్థలు, వీటి హరిత ఆవిష్కరణ కూడా ఖర్చు ఖాతాలోంచే పుడుతుంది. క్లింకర్ తయారు కావడానికి కొలిమిలో 1450 డిగ్రీల వేడి కావాలి. పొగగొట్టం దాకా వచ్చే వాయువుల్లో ఇంకా మూడు వందల డిగ్రీల పైచిలుకు వేడి మిగిలి ఉంటుంది. దాన్ని పట్టి కరెంటు చేయడం మన దేశంలో 2004లో నల్గొండ జిల్లా విష్ణుపురంలోని ఇండియా సిమెంట్స్‌లో జపాన్ సాయంతో మొదలైంది. తాడిపత్రిలోని అల్ట్రాటెక్ ఆ తొలి వరుసలోనే ఆర్గానిక్ రాంకిన్ సైకిల్ పద్ధతిని ఎంచుకుంది. ఆవిరికి బదులు తక్కువ వేడికే మరిగే ద్రవంతో టర్బైను తిప్పి, ఆ ద్రవాన్ని గాలితో చల్లార్చవచ్చు గనక ఈ పద్ధతికి నీటి అవసరం బాగా తక్కువ. 2012లో కేంద్రం ఒక్కో కర్మాగారానికి ఇంధన పొదుపు లక్ష్యం పెట్టి, మిగిల్చినవాళ్ళు సర్టిఫికెట్లు అమ్ముకునే పథకం తెచ్చాక ఈ లెక్కకు బలం పెరిగింది.

ఈ రకం వ్యూహానికి ఒక హద్దుంది. డబ్బు మిగిల్చే చోటు దాకా అది చురుగ్గా నడుస్తుంది. గని తవ్విన గుంతను పూడ్చడం, దుమ్ము పడే చేల సంగతి చూడటం దగ్గరికొచ్చేసరికి చట్టం తరమాల్సిందే.

కొరియా కార్ల కంపెనీ కియా సంగతి ఎక్కువమందికి తెలుసు. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాలు, 110 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం. 2019 ఆగస్టు 22న సెల్టాస్ మార్కెట్లోకి వచ్చింది, డిసెంబరు 5న కర్మాగారానికి లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది. నీరు గొల్లపల్లి జలాశయం నుంచి వస్తుంది. ఆ నీరు కృష్ణమ్మది. శ్రీశైలం జలాశయం అంచున మల్యాల దగ్గర ఎత్తిపోసి, హంద్రీ-నీవా కాలువలో మెట్టు మెట్టుగా పైకి తోస్తే ఇక్కడికి చేరుతుంది. ఒక్కో లీటరులో ఎంతో కరెంటు కలిసి ఉందన్నమాట. అటువంటి నీటిని రంగులద్దే షాపులో ఒక్కసారి వాడి వదిలేయడం ఎవరికీ తగదు. వాడిన నీటిని నూటికి నూరు పాళ్ళూ ఆవరణలోనే శుద్ధి చేసి తిరిగి వాడుకునేలా కర్మాగారాన్ని కట్టామని కంపెనీ ప్రకటించింది. పునాదుల దశలోనే ఆ నిర్ణయం తీసుకోవడం ఇక్కడ ముఖ్యం. కట్టేశాక అతికించే శుద్ధి యంత్రానికి ఖర్చు ఎక్కువ, బుద్ధి తక్కువ.

కారు విషయంలో మాత్రం నిర్ణయం ఎర్రమంచిలో జరగదు. ఎలక్ట్రిక్ కార్ల వైపు మళ్ళే ప్లాన్ ఎస్‌ను కియా 2020 జనవరిలో ప్రకటించింది. అదే కాలంలో పెనుకొండ నుంచి వెళ్ళినవి పెట్రోలు, డీజిలు బండ్లు. ఇక్కడ తయారైన తొలి ఎలక్ట్రిక్ మోడల్ కారెన్స్ క్లావిస్ ఈవీ మార్కెట్లోకి వచ్చింది 2025 జులైలో. ఆ అయిదేళ్ళ వ్యవధికి కారణం అనంతపురంలో వెతికితే దొరకదు, భారత కొనుగోలుదారు కోసం సియోల్‌లో వేసుకున్న లెక్కలో ఉంటుంది. శాఖా కంపెనీలున్న ప్రతి జిల్లా ఈ సంగతి గమనించాలి. ఫ్యాక్టరీ కుళాయి మీద స్థానిక కలెక్టరు మాట చెల్లవచ్చు గానీ, అక్కడ ఏ బండి తయారవ్వాలన్న దాని మీద చెల్లదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మార్కెట్ విలువలో తొలి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు తమ నీరు, కరెంటు, వ్యర్థాల లెక్కలను ఏటా బయటపెట్టాలని 2022–23 నుంచి సెబీ తప్పనిసరి చేసింది. అల్ట్రాటెక్ ఆ జాబితాలోకి వస్తుంది. షేర్ మార్కెట్లో లేని శాఖా కంపెనీకి ఆ నిబంధన వర్తించదు. కరువు మండలంలో జలాశయం నీరు తీసుకునే ఏ సంస్థ అయినా, షేర్లు అమ్మినా అమ్మకపోయినా, నెలనెలా ఎంత తీసుకుంది, ఎంత తిరిగి వాడింది అన్న లెక్కను మండల కార్యాలయం గోడకు అంటించాలని ప్రభుత్వం నిబంధన పెడితే తప్పేమీ లేదు. కియా పేరు మీద మాత్రమే కాదు, దాని చుట్టూ చేరిన విడిభాగాల కంపెనీలన్నిటి మీదా ఈ మాట చెల్లాలి.

ఇక గాలి. ఈ అంశంలో అనంతపురం దేశానికి పాఠం చెప్పగలదు.

ఒకప్పుడు బంగారం తవ్విన రామగిరి కొండల మీదా, కడవకల్లు దగ్గరా 1990లలోనే గాలిమరలు లేచాయి. ఆ రోజుల్లో ఆదాయపు పన్ను చట్టం ప్రకారం గాలిమర కొన్న మొదటి ఏడాదే దాని ఖరీదు మొత్తాన్ని తరుగుదలగా చూపించుకోవచ్చు. దేశవ్యాప్తంగా బట్టల మిల్లులు, రకరకాల ఫ్యాక్టరీలు లాభాల మీద పన్ను తగ్గించుకోవడానికి మరలు కొన్నాయి. మర నిలబడితే చాలు, తర్వాత అది తిరిగిందా లేదా అన్నది పన్ను లెక్కకు అక్కర్లేదు. కొన్నవాడికి గాలి మీద ఆసక్తి లేనప్పుడు మంచి గాలి ఉన్న గుట్ట వెతకాలనీ, రెక్కల నిర్వహణ చూడాలనీ, మెరుగైన యంత్రం అడగాలనీ ఎందుకనిపిస్తుంది? ఆ రాయితీ 2002లో 80 శాతానికి తగ్గింది. 2009 డిసెంబరులో ఉత్పత్తి అయిన ప్రతి యూనిట్‌కూ 50 పైసలు ఇచ్చే పథకం వచ్చింది. దాంతో కరెంటు అమ్ముకుని బతకాలనుకునే కంపెనీలు రంగంలోకి వచ్చాయి. వాటి వెంటే ఎత్తయిన స్తంభాలు, పొడుగు రెక్కలు, ఏళ్ళ తరబడి కొలిచిన గాలి లెక్కలు వచ్చాయి. కొండలూ గాలీ పాతవే. మారింది కొనేవాడి లెక్క.

గాలి కరెంటు పచ్చనిదే అయినా దాన్ని పండించే పద్ధతి పచ్చగా ఉండాలన్న నియమమేమీ లేదు. దీనికి కల్పవల్లి అడవి కంటే బాధాకరమైన ఉదాహరణ దొరకదు. ముష్టికోవెల, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు 1990ల తొలినాళ్ళ నుంచి మంటలు ఆర్పుతూ, మేకల్ని అదుపు చేస్తూ, విత్తనాలు చల్లుతూ ఏడు వేల ఎకరాలకు పైబడిన బోడి కొండలను అడవిగా నిలబెట్టుకున్నారు. బోద గడ్డి ఇళ్ళ కప్పులకొచ్చింది, ఈత చెట్లు చాపలకూ చీపుర్లకూ పనికొచ్చాయి, వంకల్లో నీరు నిలిచే రోజులు పెరిగాయి. రెవెన్యూ రికార్డుల్లో మాత్రం ఆ నేల బంజరుగానే మిగిలిపోయింది. 2010 తర్వాత ఆ కొండ గట్ల మీద గాలిమరలు వచ్చాయి. ఒక్కో మరకు భారీ క్రేన్ ఎక్కాలంటే వెడల్పాటి రోడ్డు కావాలి. కొండ చరియలు తొలిచి రోడ్లు వేశారు, తవ్విన మట్టి వాలుల మీదికి జారింది, వంకలు పూడాయి. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ పరిధిలో గాలి విద్యుత్తు లేదు. పచ్చని పరిశ్రమకు మదింపు ఎందుకనుకున్నారు కాబోలు. ఊళ్ళవాళ్ళ తరఫున 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్ళవలసి వచ్చింది. ఇరవై ఏళ్ళు అడవిని పెంచినవాళ్ళే పర్యావరణం పేరిట కోర్టు మెట్లెక్కాలా? కంపెనీ వ్యూహంలో మెగావాట్లకు విలువ ఉంది, బోద గడ్డికి లేదు. తప్పు యంత్రానిది కాదు. రోడ్డు ఏ వాలు మీదుగా వేయాలో గొర్రెల కాపరిని అడిగి ఉంటే నష్టంలో చాలా భాగం తప్పేది.

ప్రభుత్వం మాట మార్చినా కంపెనీల తీరు మారుతుంది. 2019 జులైలో రాష్ట్ర ప్రభుత్వం గాలి, సౌర విద్యుత్తు ఒప్పందాల ధరలను తిరగదోడటానికి కమిటీ వేసింది. వివాదం హైకోర్టుకు వెళ్ళింది. 2022 మార్చిలో కోర్టు కంపెనీల వైపు తీర్పు చెప్పి బకాయిలు కట్టమంది. మధ్యలో పోయిన ఏళ్ళలో పెట్టుబడిదారులు ఒక్క విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) మీద ఆధారపడటం ప్రమాదమని నేర్చుకున్నారు. ధర తగ్గించాలనుకోవడానికి ప్రభుత్వానికి కారణాలు ఉండి ఉండవచ్చు. కానీ పాతికేళ్ళ పెట్టుబడి అడిగే పనిలో అయిదేళ్ళ రాజకీయం జొరబడితే, కంపెనీ త్వరగా సంపాదించి వెళ్ళే దారి చూసుకుంటుంది. అలాంటి కంపెనీకి కల్పవల్లి వాలుల మీద శ్రద్ధ ఎక్కడి నుంచి వస్తుంది?

2025 మే 16న గుత్తి మండలం బేతాపల్లిలో రెన్యూ సంస్థ 22,000 కోట్ల రూపాయల సౌర, గాలి, బ్యాటరీ సముదాయానికి శంకుస్థాపన జరిగింది. తొలి దశలోనే 587 మెగావాట్ల సౌర పలకలు, 250 మెగావాట్ల గాలిమరలు, 415 మెగావాట్-గంటల బ్యాటరీ నిల్వ. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పగటి ఎండను దాచి ఇవ్వడమే దీని వ్యూహం. కరెంటు గిరాకీ ఎక్కువగా ఉన్న గంటలకు అమ్మాలన్న వ్యాపార ఆలోచనే బ్యాటరీని ఇక్కడికి తెచ్చింది. గుత్తికి ఇది మంచి రోజే. దీన్ని స్వాగతిస్తూనే అడగవలసినవి కొన్ని ఉన్నాయి.

1995లో స్టువర్ట్ హార్ట్ అనే ఆచార్యుడు కంపెనీల పర్యావరణ బాధ్యతను మెట్లుగా చూపించాడు. కాలుష్యం పుట్టకుండా ఆపడం మొదటి మెట్టు, సరుకు పుట్టిన దగ్గర నుంచి పారేసేదాకా పూచీ పడటం రెండోది. మన సౌర పార్కులు ఆ రెండో మెట్టు దగ్గర ఆగి ఉన్నాయి. నంబులపూలకుంటలో ఎన్‌టీపీసీ 250 మెగావాట్ల కేంద్రం 2016లో మొదలైంది. పాతికేళ్ళ ఆయుష్షు అనుకుంటే ఆ పలకలు 2041 నాటికి దిగాలి. వడగళ్ళకూ రవాణాలోనూ పగిలినవి ఇప్పటికే పోగవుతుంటాయి. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి సౌర పలకలను కూడా తమ కిందకు తెచ్చాయి. అయితే ఆ వ్యర్థాలను 2034–35 దాకా జాగ్రత్తగా నిల్వ చేయమన్నంత వరకే చెప్పాయి. ఎక్కడ నిల్వ చేయాలి? ఎవరి పొలం పక్కన?

బేతాపల్లి ఒప్పందాల్లో ఈ సంగతులు పేరుపేరునా ఉండాలి. పలకలు కడగడానికి బోరు నీళ్ళు వాడకుండా పొడి బ్రష్షుల యంత్రాలే పెట్టాలి. చెరువులకు పోయే వంకల మీద కంచె పడకూడదు. గొర్రెల బాటలు సర్వే నంబర్లతో సహా మ్యాపులో గుర్తించాలి. పట్టా లేకుండా తరాలుగా సాగు చేసుకుంటున్న కుటుంబాలకు పరిహారం పత్రంలో పేరు ఉండాలి. కౌలు గడువు ముగిశాక కాంక్రీటు దిమ్మెలు పెకలించి నేలను తిరిగి ఇవ్వడానికి అవసరమయ్యే డబ్బును కంపెనీ మొదటి ఏడాది నుంచే విడి ఖాతాలో జమ చేయాలి. ఆ ఖాతా మీద కంపెనీతో పాటు గ్రామ పంచాయతీ సంతకం కూడా ఉండాలి.